పెరూ నుంచి పెరటికి: నాస్టర్షియం

సంగారెడ్డి జిల్లా పడమటి కొసన, కర్ణాటక సరిహద్దుకు చేరువలో మొగుడంపల్లి ఉన్నది. 2016 వరకు జహీరాబాదు మండలంలో భాగంగా ఉండి, ఆ ఏడు ప్రత్యేక మండలమైనది. ఈ ప్రాంతమంతా సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి. కొన్నిచోట్ల లాటరైట్ ఎర్రనేల, కొన్నిచోట్ల నల్లరేగడి. జొన్న, కంది, చెరకు, అల్లం పండే ఈ నేలలో చలికాలంలో ఆలుగడ్డ కూడ పండుతుంది. తెలుగుదేశంలో ఆలుగడ్డ అన్నిచోట్లా పండదు. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతసీమ. గడ్డ ఊరవలెనంటే రాత్రులు చల్లగా ఉండవలె. డిసెంబరు, జనవరి నెలలలో ఇక్కడికి దగ్గరనే ఉన్న కోహీరు, న్యాల్కల్ వంటి చోట్ల రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్‌కు దిగువకు పడిపోవడం అరుదు కాదు. ఆ చలియే ఆలుగడ్డకు ఆధారం.

ఆలుగడ్డకు నచ్చిన చలికాలం, అదే ఆండీస్ సీమ నుంచి బయలుదేరిన మరొక మొక్కకు కూడ నచ్చుతుంది. ఆ మొక్క పేరు నాస్టర్షియం. నగరాలలో పూలతోటలు పెంచేవారికి ఇది పరిచితమే. అయితే పూలకుండీలో అందానికి పెంచే ఈ మొక్కయొక్క ఆకు, పువ్వు, పచ్చికాయ, అన్నీ తినదగినవే అన్న సంగతి చాలమందికి తెలియదు. ఆకు నమిలితే మొదట కొద్దిగా తీపి, తరువాత ముల్లంగి ఘాటు, ఆ వెనుక ఆవపిండి ముక్కుకెక్కినట్లు ఒక్క జలదరింపు. ఈ ఘాటు ఎక్కడినుంచి వచ్చిందో విచారిస్తే, మొగుడంపల్లి పెరటిలో ఎవరూ పిలవకుండానే మొలిచే ఒక కూర దగ్గరకు దారితీస్తుంది. ముందుగా మొక్క సంగతి.

పేరులోని చిక్కు

నాస్టర్షియం అన్న మాటకు లాటిన్ భాషలో ముక్కును మెలితిప్పేది అని అర్థం. నిజానికి ఈ పేరు మొదట ఈ మొక్కది కాదు. ఐరోపాలో వాగుల వెంట, ఊటనీటిలో పెరిగే ఘాటైన ఆకుకూర ఒకటి ఉన్నది. దానిని వాటర్‌క్రెస్ అంటారు. దాని శాస్త్రీయనామం నాస్టర్షియం అఫిసినాలే. పదహారవ శతాబ్దంలో స్పెయిన్ నావికులు పెరూ ప్రాంతం నుంచి కొత్త పూలమొక్కను తెచ్చినప్పుడు, దాని ఆకు రుచి వాటర్‌క్రెస్ రుచిని పోలి ఉండడంవల్ల ఆ పేరే దీనికీ అంటగట్టారు. అమెరికాను ఇండీస్ అని పిలిచిన రోజులవి గనుక ఇండియన్ క్రెస్ అన్న పేరు కూడ దీనికి వచ్చినది. ఆ పేరులోని ఇండియాకు మన దేశంతో సంబంధమేమీ లేదు. ఆ తరువాత విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండు తోటమాలులు ఒక ముదురెరుపు రకానికి ‘ఎంప్రెస్ ఆఫ్ ఇండియా’ అని పేరు పెట్టి ఈ చిక్కును మరికొంత పెంచారు.

శాస్త్రజ్ఞులు దీనిని ట్రొపియోలం మేజస్ అంటారు. ఈ పేరు స్వీడన్ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ పెట్టినది. ఆయన ‘స్పీషీస్ ప్లాంటారం’ గ్రంథం 1753లో వెలువడినది. ప్రాచీన గ్రీకులు యుద్ధంలో గెలిచినప్పుడు రణరంగంలో ఒక స్తంభం నాటి, ఓడిన శత్రువుల డాళ్ళను, శిరస్త్రాణాలను దానికి వేలాడగట్టేవారు. ఆ విజయస్తంభాన్ని ట్రొపయాన్ అనేవారు. పందిరిగుంజను అల్లుకొన్న ఈ మొక్క గుండ్రని ఆకులు లిన్నేయస్ కంటికి డాళ్ళవలె, ఎర్రచారల పువ్వులు నెత్తుటి మరకలున్న శిరస్త్రాణాలవలె కనిపించినవి.

లిన్నేయస్ కుమార్తె ఎలిజబెత్ క్రిస్టినా ఈ మొక్కను మరొక విధంగా గమనించినది. సాయంసంధ్యలో తోటలో తిరుగుతూ ఉండగా ఈ పూలు తళుక్కున మెరిసినట్లు ఆమెకు తోచినది. మరునాడూ చూచినది, మళ్ళీ అదే. ఆ పరిశీలనను వ్రాసి 1762లో స్వీడిష్ సైన్స్ అకాడమీ పత్రికలో ప్రకటించినది. అప్పటికి ఆమె వయస్సు 19 ఏండ్లు. విద్యుత్తును గురించి కొత్తగా తెలుసుకొంటున్న కాలమది గనుక, పూలలో విద్యుత్తు పుడుతున్నదేమో అని కొందరు పండితులు ఊహించారు. చివరకు తేలినదేమంటే, ఆ మెరుపు పువ్వులో లేదు, చూచేవారి కంటిలో ఉన్నది. వెలుతురు మసకబారేటప్పుడు ఎరుపును, ఆకుపచ్చను కన్ను గ్రహించే తీరు మారిపోతుంది. పచ్చని ఆకుల నడుమ నారింజ ఎరుపు పువ్వును ఆ సమయంలో కంటికొసతో చూస్తే అది వెలిగినట్లు భ్రమ కలుగుతుంది. కారణం తెలియకపోయినా ఆ అమ్మాయి తాను చూచినదానిని చూచినట్లు వ్రాసినది. నోటుపుస్తకం పట్టుకొని తోటలోనికి వెళ్ళే విద్యార్థికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

ఆకు నిర్మాణం

నాస్టర్షియం ఆకును తామరాకుతో పోల్చవచ్చును. సాధారణంగా ఆకుకాడ పత్రదళం అంచున కలుస్తుంది. ఇక్కడ మాత్రం గొడుగుకు కర్రవలె అడుగుభాగం మధ్యన కలుస్తుంది. అక్కడినుంచి ఈనెలు అన్ని దిక్కులకు చక్రపు ఆకులవలె చీలిపోతాయి. దీనిని ఛత్రాకార పత్రమంటారు. ఆకుమీద నీటిబొట్టు వేస్తే అది పరచుకోదు, పాదరసంవలె గుండ్రంగా నిలిచి, ఆకును వంచగానే దుమ్మును వెంటబెట్టుకొని జారిపోతుంది. కారణం ఆకుపైన ఉన్న అతి సూక్ష్మమైన మైనపు నలుసులు. నీటిబొట్టు ఆ నలుసుల కొనలమీద నిలుస్తుందే గాని వాటి నడుమనున్న గాలిలోనికి దిగదు. తామరాకు, చేమాకు కూడ ఇటువంటివే. 2013లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ పరిశోధకులు ఇంకొక విశేషం చూపారు. నాస్టర్షియం ఆకు ఈనె వంటి గట్టుమీద పడిన నీటిబొట్టు రెండుగా చీలి, చదునైన చోట పడిన బొట్టు కంటె త్వరగా ఎగిరిపోతుంది. విమానపు రెక్కలమీద మంచు పేరుకొనకుండ చేయడానికి ఇటువంటి ఉపరితలాలు పనికివస్తాయని వారి ఆలోచన.

తెల్లవారుజామున ఈ ఆకు అంచున వరుసగా నీటిపూసలు కనిపిస్తాయి. అవి మంచుబిందువులు కావు. రాత్రి ఆకు రంధ్రాలు మూసుకొని ఉండగా వేళ్ళు నీటిని తోస్తూనే ఉంటాయి. ఆ నీరు ఈనెల కొసలలో ఉన్న ప్రత్యేక రంధ్రాల గుండా బయటికి వస్తుంది. మంచు ఆకంతటిమీద పడుతుంది, ఈ పూసలు అంచునే, ఈనె కొసలలోనే ఉంటాయి. ఈ తేడాను పిల్లలు తమంతట తామే కనిపెట్టగలరు.

మొక్కకు నులితీగెలు లేవు. ఆకుకాడయే తగిలిన పుల్లను చుట్టుకొని ఎక్కిపోతుంది. తీగెలను గురించి పుస్తకం వ్రాసిన చార్లెస్ డార్విన్ ఆకుకాడలతో ప్రాకే జాతులలో దీని వర్గాన్ని చేర్చి పరీక్షించాడు. పువ్వుకు ఆకర్షణపత్రాలు అయిదు. వెనుకవైపు రక్షకపత్రం పొడవైన కొమ్ముగా సాగి ఉంటుంది. మకరందం ఆ కొమ్ములో దాగి ఉంటుంది. కేసరాలు ఎనిమిది. అవి ఒకటొకటిగా పక్వమై, పుప్పొడి రాల్చి, పక్కకు తప్పుకొన్న తరువాత గాని కీలాగ్రం సిద్ధం కాదు. కాయ మూడు పలుకులుగా విడిపోతుంది. ఒక్కొక్క పలుకులో ఒక్క విత్తనం.

పెంపకం

జహీరాబాదు ప్రాంతంలో దీనికి అక్టోబరు మధ్య నుంచి నవంబరు మధ్య వరకు అనువైన అదను. అంతకంటె ముందు విత్తితే వానలకు మొలక కుళ్ళుతుంది, బాగా ఆలస్యం చేస్తే పూలకు వచ్చేసరికి ఎండలు ముదురుతాయి. విత్తనం పెద్దది, శనగగింజ అంత ఉంటుంది, పైపెంకు గరుకుగా బెండువలె ఉంటుంది. ఒక రాత్రి నీటిలో నానబెట్టి, వేలికణుపు సగం లోతున, జానెడు దూరానికి ఒకటి చొప్పున నాటవలె. వేళ్ళు కదిలితే ఈ మొక్క సహించదు. అందుచేత నారుపోసి పీకి నాటడంకంటె ఉండవలసిన చోటనే విత్తడం మేలు. పది పన్నెండు రోజులలో మొలక వస్తుంది. బీజదళాలు నేలలోనే ఉండిపోతాయి, పైకి వచ్చేవి అసలు ఆకులే.

ఎరువు విషయంలో పెరటి రైతు మనస్సు కొంచెం గట్టి చేసుకోవలసి ఉంటుంది. పెంటపోగు దగ్గర మెత్తటి బలమైన మట్టిలో నాటితే ఆకు పళ్ళెమంత అవుతుంది, పువ్వు మాత్రం కనబడదు. నత్రజని ఎక్కువైన కొలది మొక్క ఆకుమీదనే మోజుపడుతుంది. నీరు నిలవని, అంతగా సారంలేని ఎర్రనేలయే దీనికి తగినది. వంగ, టమాట పండక విడిచిపెట్టిన మూలలో ఇది చక్కగా పూస్తుంది. రేగడిలో నాటవలసివస్తే మడిని ఎత్తుచేసి, మొరము గాని ఇసుక గాని కలపవలె. కుండీ అయితే అడుగున రంధ్రం తప్పనిసరి. పొట్టి రకాలు కుండీకి, తీగరకాలు దడికి పనికివస్తాయి. రోజూ తడిపేకంటె పైమట్టి ఆరినప్పుడు ఉదయం పూట ఒక చెంబెడు పోస్తే చాలు. నీళ్ళకు కొరత ఉన్న ఊరిలో వంటింటి కడుగునీరు, సబ్బు కలవనిది, దీనికి సరిపోతుంది.

విత్తిన రెండు నెలలకు పూత మొదలై ఫిబ్రవరి చివరి వరకు సాగుతుంది. మార్చిలో ఎండ ముదరగానే ఆకులు పసుపుబారుతాయి. అది రోగం కాదు, దాని కాలం తీరినదని అర్థం. అప్పుడు నీళ్ళు ఎక్కువ పోసి బ్రతికించబోవడం వృథా.

పేనుబంక దీనికి ముఖ్యశత్రువు. లేత కొమ్మల చివర నల్లగా బారులు తీరుతుంది. నీటిని బలంగా చిమ్మితే చాలవరకు రాలిపోతుంది, మిగిలినదానికి వేపగింజల కషాయం చాలు. తినదలచిన మొక్కమీద పురుగుమందు చల్లరాదని వేరుగా చెప్పనక్కరలేదు. అంతగా ఎవరూ ఆలోచించని విషయం ఒకటి ఉన్నది. బజారులో కొన్న విత్తనాలకు శిలీంధ్రాలు పట్టకుండా మందు పూసి ఉండవచ్చును. ఆ గింజలను నోటిలో వేసుకోరాదు. నర్సరీలో పూలతో కొన్న మొక్కకు కూడ ఏ మందు కొట్టారో తెలియదు గనుక దాని పువ్వును తినరాదు. విత్తనం నాటి, ఇంటిలో పెరిగిన మొక్కయొక్క ఆకు, పువ్వు, కాయ మాత్రమే వంటింటికి రావలె.

ఇంకొక హెచ్చరిక ఉపాధ్యాయులకు. ఒక పువ్వు తినదగినదని చెప్పినప్పుడు, పిల్లలు అన్ని పూలూ అటువంటివే అనుకొనే ప్రమాదం ఉన్నది. తెలుగువారి వాకిళ్ళలో గన్నేరు లేని ఊరు లేదు. గన్నేరులో ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ గుండెను ఆపగల విషాలే. ఉమ్మెత్త సంగతి చెప్పనవసరం లేదు. నాస్టర్షియాన్ని బడితోటలో పెంచేచోట మొదటి పాఠం ఇదే కావలె.

ఘాటు రహస్యం

నాస్టర్షియం ఆకును నలపకుండా వాసన చూస్తే ఘాటు ఉండదు. నలిపితేనే వస్తుంది. అంటే ఘాటైన పదార్థం ఆకులో తయారుగా నిలువ ఉండడం లేదు, ఆకు గాయపడిన క్షణంలో పుడుతున్నది. పసుపు, సున్నం వేరువేరుగా ఉన్నంతసేపు ఒకటి పసుపుపచ్చ, ఒకటి తెలుపు. కలిపితే పారాణి ఎరుపు. ఆకులోనూ ఇటువంటి రెండు వస్తువులే వేరువేరు అరలలో ఉంటాయి. ఒకటి గంధకము, నత్రజని, చక్కెర కలిసిన గ్లూకోసినోలేట్ అనే పదార్థం. రెండవది మిరోసినేజ్ అనే ఎంజైము. పురుగు కొరికినా, రోలులో నూరినా అరల గోడలు పగిలి రెండూ కలుస్తాయి. ఎంజైము చక్కెర భాగాన్ని తెగగొట్టుతుంది. మిగిలినది ఐసోథయోసయనేట్‌గా మారి ముక్కుకెక్కుతుంది. ఫ్రెంచి రసాయనజ్ఞుడు బుస్సీ 1840 ప్రాంతంలోనే ఆవాలలో ఇటువంటి రెండు వస్తువులు ఉన్నవని, అవి నీటి సమక్షంలో కలిసినప్పుడే ఘాటుతైలం పుడుతున్నదని చూపాడు.

దీనిని తెలుగు వంటింటిలో ఎవరూ రసాయనశాస్త్రం పేరు ఎత్తకుండానే ఆచరిస్తున్నారు. తిరగమోతలో ఆవాలు కాగిన నూనెలో చిటపటలాడుతాయి, కమ్మని వాసన వస్తుంది, ఘాటు మాత్రం రాదు. వేడికి ఎంజైము చచ్చిపోవడమే కారణం. ఆవ పెట్టిన అరటికాయ కూరలో పద్ధతి వేరు. ఆవాలు పచ్చివే నీటితో నూరి, కూర దించి చల్లారిన తరువాత కలుపుతారు. పొయ్యిమీద ఉండగానే కలిపితే ఆవఘాటు పోతుందని పెద్దలు కోప్పడుతారు. ఆ కోపానికి కారణం మిరోసినేజే.

మిరపకాయ కారానికి, ఈ ఘాటుకు తేడా ఉన్నది. మిరపలోని కాప్సైసిన్ ఆవిరికాదు, తగిలిన చోటనే మండుతుంది. ఆవ జాతి ఘాటు ఆవిరియై ముక్కులోనికి పోతుంది, కొన్ని క్షణాలలో తగ్గిపోతుంది. నాడుల కొనలలో ఈ రెండింటినీ గుర్తించే ద్వారాలు కూడ వేరు. మిరప ద్వారాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతి పంచుకొన్నాడు. ఆవఘాటు నాడులను తట్టే ద్వారం 2004లో తెలిసినది.

ఆవాలలో, ముల్లంగిలో, నాస్టర్షియంలో ఉన్న గ్లూకోసినోలేట్లు ఒకే అచ్చులోనివి అయినా, తోకభాగం మారుతుంది. నాస్టర్షియంలో ముఖ్యమైనది గ్లూకోట్రొపియోలిన్. దానినుంచి పుట్టే ఘాటు బెంజైల్ ఐసోథయోసయనేట్. ఇదే పదార్థం, ఏమీ తేడా లేకుండా, ప్రతి పల్లెలోనూ దొరికే మరొకచోట ఉన్నది: బొప్పాయి గింజలో. బడిలో దీనిని చూపడానికి పరికరాలు అక్కరలేదు. పండిన బొప్పాయి గింజలు పది తీసి, పైనున్న జిగురుపొర కడిగి, అయిదింటిని పచ్చిగానే కొద్ది నీటితో నలపవలె. మిగిలిన అయిదింటిని పది నిమిషాలు నీటిలో మరిగించి, చల్లారిన తరువాత నలపవలె. రెండింటినీ వాసన చూస్తే మొదటిది ఆవపిండివలె ముక్కును పట్టుకొంటుంది, రెండవది సప్పగా ఉంటుంది. నాస్టర్షియం ఆకుతోనూ ఇదే జరుగుతుంది.

చెదిరిన కుటుంబం కలిసిన కథ

పువ్వులో, కాయలో, చెట్టు ఆకారంలో నాస్టర్షియానికీ బొప్పాయికీ పోలిక లేదు. మన కళాశాలలలో చిరకాలంగా బోధిస్తున్న బెంథామ్, హుకర్‌ల వర్గీకరణ 1862, 1883 సంవత్సరాల మధ్య వెలువడినది. అందులో నాస్టర్షియం జెరేనియం మొక్కలతో ఉన్నది, బొప్పాయి పాషన్‌ఫ్లవర్‌తో ఉన్నది. మునగను ఎక్కడ చేర్చవలెనో తోచక ఆ పండితులు దానిని దారితప్పిన కుటుంబాలలో పెట్టారు. ఆవాలు మరెక్కడనో ఉన్నవి. అయితే ఇన్నిచోట్ల చెదిరిన ఈ మొక్కలన్నింటిలో గ్లూకోసినోలేట్లు ఉన్నవి. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు డాల్‌గ్రెన్ 1970ల దశకంలో, ఈ ఘాటుమొక్కలన్నీ ఒక్క వంశమే కావలెనని వాటిని ఒకచోట చేర్చాడు. ఆకారంలో ఇంత దూరమైనవాటిని ఒక్క రసాయనం ఆధారంగా చుట్టాలనడం తగదని చాలమంది ఒప్పుకొనలేదు. 1990లలో డీఎన్ఏ వరుసలను పోల్చిచూచినప్పుడు డాల్‌గ్రెన్ మాటయే నిలిచినది. 1998 నుంచి వెలువడుతున్న కొత్త వర్గీకరణలో ఆవ, ముల్లంగి, బొప్పాయి, మునగ, నాస్టర్షియం, ఆరుదొండ, ఉలిమిడి అన్నీ బ్రాసికేలిస్ అనే ఒకే క్రమంలో ఉన్నవి.

ఒక్క అపవాదం ఉన్నది. పుత్రజీవి చెట్టులోనూ గ్లూకోసినోలేట్లు ఉన్నవి గాని, డీఎన్ఏ ప్రకారం ఆ చెట్టు ఈ వంశానిది కాదు. అది ఈ విద్యను వేరుగా నేర్చినది. కాబట్టి రసాయనం మంచి సాక్షియే గాని, ఒక్క సాక్షితో తీర్పు చెప్పరాదు.

ఈ ఘాటు మొక్కకు ఆయుధమే అయినా అందరు శత్రువులమీదా పనిచేయదు. ఐరోపాలో క్యాబేజీని తినే తెల్ల సీతాకోకచిలుక ఆ ఘాటును విడగొట్టే ఉపాయం నేర్చి, గ్లూకోసినోలేట్ ఉన్న ఆకును వెదకి మరీ గుడ్లు పెడుతుంది. అక్కడి నాస్టర్షియాలమీద దాని గొంగళిపురుగులు సామాన్యం. దక్కనులో పయొనీర్ అనే తెల్ల సీతాకోకచిలుక ఆరుదొండ జాతి పొదలను పట్టుకొన్నది కూడ ఇందుకే.

వంటింటిలో

ఘాటు కావలెనంటే ఆకును పచ్చిగా వాడవలె. లేత ఆకులను సన్నగా తరిగి, ఉల్లిపాయ, ఉప్పు, పెరుగుతో కలిపి జొన్నరొట్టెతో తింటే పచ్చిమిరప అక్కరలేకుండా పోతుంది. పూలను కొమ్ములో చీమలు లేకుండా దులిపి, కడిగి, పెరుగన్నం మీద వేసుకోవచ్చును. నారింజ రంగు కెరోటినాయిడ్‌లది, ఎరుపు ఆంథోసయనిన్‌లది. ఆకులో విటమిన్ సి సమృద్ధిగా ఉన్నది, అది కూడ పచ్చిగా తిన్నప్పుడే పూర్తిగా దక్కుతుంది. పప్పులో వేసి ఉడికిస్తే ఘాటు పోయి సాదా ఆకుకూర అవుతుంది. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ తాను వండే కూరగాయల సూపులో నాస్టర్షియం కాడలు వేసేవాడు. ఆయన చెప్పిన వంటలో అది ప్రసిద్ధమైన విశేషం.

పచ్చికాయలు గట్టిపడకముందే కోసి, రెండు రోజులు ఉప్పునీటిలో ఉంచి, వడకట్టి, వెనిగర్‌లో ఊరవేస్తారు. ఐరోపాలో ఖరీదైన కేపర్ మొగ్గలకు బదులుగా వీటిని వాడుతారు. కేపర్ మన ఆరుదొండకు దగ్గర చుట్టం గనుక రుచి కలవడంలో ఆశ్చర్యం లేదు. ఉప్పు వేసిన నిమ్మరసంలోనూ ఊరవేయవచ్చును. ఈ కాయలు మాత్రం నంజుకొనేందుకే గాని గుప్పిళ్ళతో తినడానికి కావు. ఘాటు ఎక్కువైతే కడుపులో మంట పెడుతుంది. కడుపుపుండు ఉన్నవారు, గర్భవతులు దీని జోలికి పోకుండడం మంచిది. మొదటిసారి తినేవారు ఒక్క రేకతో మొదలుపెట్టవలె.

పిలవకుండా వచ్చే చుట్టం

ఇంతవరకు చదివినవారికి ఒక సందేహం కలగవచ్చును. కొని తెచ్చిన విత్తనంతో, చలికాలంలో నాలుగు నెలలు మాత్రమే బ్రతికే పరాయిమొక్క ఒకటి మొగుడంపల్లి పెరటికి ఎందుకు? సమాధానం, అది ఇచ్చే పువ్వుకోసం, ఆ పువ్వు నేర్పే పాఠంకోసం. కూరకోసం అయితే దానికంటె గట్టి చుట్టం ఆ పెరటిలోనే ఉన్నది. తొలకరి పడగానే చేలగట్లమీద, పెంటదిబ్బల పక్కన, అరచేతిని విప్పినట్లు అయిదు చిట్టిఆకులుగా చీలిన ఆకుతో, తెల్లని పూలగుత్తితో లేచే వామింట అది. కొన్ని ఊళ్ళలో వాయింట అంటారు. శాస్త్రీయనామం క్లియోమి గైనాండ్రా. ఇదీ బ్రాసికేలిస్ క్రమంలోనిదే. దీనిలో గ్లూకోకాపరిన్ అనే గ్లూకోసినోలేట్ ఉన్నది. నలిపితే ఘాటు, ఉడికిస్తే కొద్దిపాటి చేదు. ఆఫ్రికాలో అనేక దేశాలవారు దీనిని పనిగట్టుకొని సాగుచేస్తారు.

నాస్టర్షియం ఎండకు ఎందుకు వాడిపోతుంది, వామింట ఎందుకు నిలుస్తుంది? కిరణజన్యసంయోగక్రియలో బొగ్గుపులుసుగాలిని పట్టుకొనే ఎంజైము, వేడి పెరిగినకొలది పొరపాటున ఆమ్లజనిని పట్టుకొంటూ ఉంటుంది. అప్పుడు మొక్క సంపాదించినదానిలో కొంత పోగొట్టుకొంటుంది. నాస్టర్షియం ఈ నష్టాన్ని తప్పించుకోలేదు. వామింట ముందుగా నాలుగు కర్బనపు పరమాణువులున్న పదార్థంగా ఆ వాయువును కూడబెట్టి, ఎంజైముకు దగ్గరగా చేర్చుతుంది. జొన్న, చెరకు చేసే పని ఇదే. మొగుడంపల్లి చేలలో జొన్న ఎండకు ఎలా నిలుస్తున్నదో వామింట అలాగే నిలుస్తున్నది. ఈ ఉపాయం ఎలా పుట్టినదో తెలుసుకొనడానికి శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలలో వామింటను పెంచి పరిశోధిస్తున్నారు.

ఇంతటి మొక్కకు చేలలో దక్కే పేరు మాత్రం కలుపు. జహీరాబాదు పక్కన పస్తాపూర్‌లో 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఈ పేరును ప్రశ్నించినది. దాని మహిళాసంఘాలలోని పేదరైతులు, ముఖ్యంగా దళితస్త్రీలు, ఒకే చేనులో అనేక పంటలు కలిపి వేస్తూ, వాటి నడుమ తమంతట తాము మొలిచే డజన్లకొద్దీ ఆకుకూరలను పేరుపేరునా గుర్తించి వండుకొంటూ వచ్చారు. తుమ్మికూర, గలిజేరు, చెంచలి, పొన్నగంటి, గంగవావిలి వంటివి డబ్బు పెట్టి కొనేవి కావు. ధాన్యం అయిపోయి పంట ఇంకా చేతికి రాని రోజులలో పేదయింటిలో వంటపాత్రకు ఇవే ఆధారం. ఈ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమంవారి ఈక్వేటర్ బహుమతి లభించినది. ఒకే పంట వేసి, కలుపు మొలవకుండా మందు చల్లిన చేనులో ఈ కూరలు ఉండవు. మందు కొట్టిన గట్టుమీద మొలిచినవాటిని కోయడం క్షేమమూ కాదు. కూలికి వెళ్ళి కొంగున కూర కట్టుకొని వచ్చే అలవాటు అక్కడితో తెగిపోతుంది. ఆ కూర విలువ ఏ లెక్కలోనూ చేరదు గనుక నష్టమూ లెక్కకు రాదు.

బడితోటలో ఈ రెండు మొక్కలకూ ఒకే మడి చాలు. ఫిబ్రవరి చివర నాస్టర్షియం కాయలు పాలిపోయి, ముడతలుపడి, తాకగానే రాలే దశకు వస్తాయి. వాటిని ఏరి, వారం రోజులు నీడలో ఆరబెట్టి, కాగితపు పొట్లంలో పేరు, సంవత్సరం వ్రాసి దాచితే మరుసటి అక్టోబరుకు విత్తనం కొననక్కరలేదు. ఎండిన తీగెలను పీకకుండా అక్కడనే త్రుంచి మట్టిలో కలపవలె. వేసవి అంతా ఆ మడి ఖాళీగా ఉంటుంది. జూన్ తొలకరికి అందులో వామింట మొలుస్తుంది. మొలవకపోతే గట్టుమీద ముదిరిన మొక్కనుంచి ఒక పొడవాటి కాయను తెచ్చి ఆ మడిలో నలిపి చల్లవచ్చును. మొలిచినదానిని పీకకుండా ఉంచితే నాలుగైదు వారాలలో లేత ఆకు కూరకు వస్తుంది. నాలుగు మొక్కలను కోయకుండా వదలితే సెప్టెంబరు నాటికి వాటి కాయలు పగిలి విత్తనం అక్కడనే రాలుతుంది. నాస్టర్షియం విత్తే అదను అప్పటికి ఒక నెల దూరంలో ఉంటుంది.